లాయరమ్మగారి కాలరు పట్టీ

అమెరికాలో చాండ్లర్‌కి వచ్చిన కొత్తలో ప్రతి శనివారం ఒక చర్చి హాల్లో పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. గుంటూరులో ఆరేళ్ళు జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేసినదాన్ని. ఇక్కడేమో మా ఆయన వీసా మీద వచ్చాను కాబట్టి జీతానికి పనిచేసే హక్కు లేదు. ఊరికే చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా అని మొదలుపెట్టాను. చర్చికి వెళ్తున్నానని మా అత్తగారికి మాత్రం చెప్పలేదు.

ఆ హాల్లోనే ఇంకో మూల లాయరమ్మగారి బల్ల ఉండేది. ఆ పేరు నేను పెట్టుకున్నది, అక్కడందరూ రెవరెండ్ అనేవారు. ఎనభై దాటిన నల్లజాతి మనిషి. సన్నగా ఉండేవారు, ఆ వయసులోనూ నడుం వంగలేదు. అమెరికా దక్షిణాదిలోని వాళ్ళ రాష్ట్రంలో లా కాలేజీ మెట్లెక్కిన మొదటి నల్లజాతి ఆడపిల్లల్లో ఆవిడ ఒకరు. బడుల కోసం, ఉద్యోగాల కోసం, ఇళ్ళ కోసం పౌరహక్కుల కేసులు ముప్ఫై ఏళ్ళు వాదించి, యాభై దాటాక మళ్ళీ పుస్తకాలు పట్టి ప్రీస్ట్ అయ్యారు. ఆదివారం ప్రార్థన చేయించేవారు, శనివారం లాయర్ ఫీజు పెట్టుకోలేనివాళ్ళకి దారి చెప్పేవారు.

తన సంగతులు అడిగితేనే చెప్పేవారు. నేను అడిగేదాన్ని, నాకు సిగ్గు తక్కువ. లా కాలేజీలో ఒక ప్రొఫెసర్ మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆవిడని ప్రశ్న అడగలేదట. "అందుకని ఆయనకి చెప్పాల్సినవన్నీ పరీక్షలో రాశాను. పేపర్లు చాలక మళ్ళీ మళ్ళీ అడగాల్సి వచ్చింది" అన్నారు. ప్రీస్ట్ అయిన కొత్తలో ఆవిడ చేతి ప్రసాదం రొట్టెముక్క తీసుకోవడం ఇష్టంలేక కొందరు పక్క ప్రీస్ట్ లైనులోకి మారిపోయేవారట. ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఆవిడేమో నవ్వేశారు. "ఆ లైను పొడుగు. కాళ్ళ నొప్పులు వాళ్ళకే."

కోర్టుల్లో తెల్లవాళ్ళని మిస్టర్ అనీ మిసెస్ అనీ మర్యాదగా పిలిచి, నల్లవాళ్ళని ఉత్త పేరుతో పిలిచే రోజులు చూసిన మనిషి. అందుకే ఎవరినీ ఉత్త పేరుతో పిలిచేవారు కాదు. నా దగ్గర గుణకారాలు నేర్చుకునే ఎనిమిదేళ్ళ పిల్ల కూడా ఆవిడకి 'మిస్'. నా ఇంటిపేరు నాలుగు వారాలు సాధన చేసి మరీ పట్టుకున్నారు. ఇంగ్లీషులో నువ్వుకీ మీరుకీ తేడా లేదంటారు గానీ, ఆవిడ నోట వచ్చిన 'యూ' నా చెవికి ఎప్పుడూ 'మీరు' అనే వినిపించేది.

ఇంకొక అలవాటు ఉండేది. ప్రీస్టుల నల్లచొక్కా కాలరులో గొంతు దగ్గర చిన్న తెల్లపట్టీ ఉంటుంది కదా, లాయర్ పనికి కూర్చునేముందు దాన్ని లాగి కళ్ళజోడు పెట్టెలో పెట్టేవారు. పని అయ్యాక మళ్ళీ తగిలించుకునేవారు. దుకాణం తెరిచినట్టూ మూసినట్టూ ఉండేది చూడ్డానికి.

ఒక శనివారం ఆవిడ బల్ల దగ్గరికి ఒక నల్లజాతి నర్సు వచ్చింది. హాస్పిటల్‌కి దగ్గరగా ఇల్లు కావాలి. చెల్లెలి ఇంట్లో సోఫా మీద పడుకుంటూ, ఉదయం షిఫ్ట్‌కి గంటన్నర డ్రైవ్ చేసి వస్తోంది. మంగళవారం ఫలానా అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌కి వెళ్తే ఖాళీలే లేవన్నారట. ఆ పేరు విని నా చేతిలో మార్కర్ ఆగిపోయింది.

"మంగళవారం నేనూ వెళ్ళాను. రెండు ఖాళీలు చూపించారు. ఒకటి మేం తీసుకున్నాం, దాని ఎదురుది ఇంకా ఖాళీగానే ఉంది" అన్నాను, అంత దూరం నుంచే. పిల్లలంతా తల తిప్పి చూశారు.

లాయరమ్మగారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. నేను చూసిందీ విన్నదీ ప్రమాణం మీద రాసి సంతకం పెడతారా అని అడిగారు. ఆ కాగితం లేకపోతే నర్సు మాటకి ఎదురు ఆఫీసువాళ్ళ మాట ఒక్కటే ఉంటుందన్నారు. మా వీసాకి ఇబ్బంది ఏమైనా ఉందా అని అడిగాను. "సాక్ష్యం చెప్పడం నేరం కాదు. ఇమిగ్రేషన్ లాయర్‌ని కూడా అడిగి చెప్తాను. భయపడకండి అని మాత్రం అనను, ఆ భయం నాది కాదు కదా" అన్నారు. వచ్చే శనివారం చెప్తానని లేచాను.

మా ఆయన బట్టలు మడతపెడుతూ అంతా విని, చేతిలో టవల్ అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"మనకెందుకే ఇదంతా? గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌ల ఉంది. పైగా వాళ్ళ ఇంట్లనే ఉండబోతున్నం. కోర్టు గీర్టు అంటే రేపు ఏమైతదో ఎవరికెరుక?"

"ఆ అమ్మాయి రోజూ మూడు గంటలు డ్రైవ్ చేస్తోంది. పక్కన ఖాళీ ఇల్లు పెట్టుకుని."

"నేనొద్దంటలేనే, నాకు భయమైతుంది అంటున్న."

భయం అని ఒప్పుకున్నాడు, అదే మా ఆయనలో నాకు నచ్చేది. ఇమిగ్రేషన్ లాయర్ ఫర్వాలేదన్న కబురు బుధవారానికి వచ్చింది. అది విని, "సరే, పెట్టు. నిజమే కదా చెప్తున్నవ్" అన్నాడు.

నిజమే. కానీ అంతా కాదు. ఆ సంగతి మా ఆయనకీ తెలియదు.

శనివారం లాయరమ్మగారు పట్టీ తీసి పెట్టెలో పెట్టి, పసుపురంగు కాగితాల పుస్తకం తెరిచారు. నేను గడగడా చెప్పేశాను. ఇళ్ళు అద్దెకిచ్చే లీజింగ్ ఆఫీసులో అమ్మాయి రెండు ఇళ్ళు చూపించింది. 'ఇక్కడంతా మీలాంటి ఫ్యామిలీలే. మిగతావాళ్ళు వస్తే ఖాళీలు లేవని పంపించేస్తాం' అంది. అంతే.

ఆవిడ కలం ఆగింది. "ఆ మాట అనేముందు మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు."

"ఊరికే అలాంటి మాట ఎవరూ అనరు, మిసెస్..." అని నా ఇంటిపేరు పూర్తిగా, తప్పు లేకుండా పలికారు. "నేను అడక్కపోతే అవతలి లాయర్ అడుగుతాడు."

నా చెవులు వేడెక్కాయి. ఇల్లు వెతికేవాళ్ళకి మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో చెప్పే జాగ్రత్తలున్నాయి. వాకిలి తూర్పుకి ఉందో లేదో చూడు, స్కూలు రేటింగ్ చూడు, చివరికి 'ఎలాంటివాళ్ళుంటారో కనుక్కో'. నేను కనుక్కున్నాను. 'ఇక్కడ ఎలాంటివాళ్ళుంటారు?' అని ఆ అమ్మాయిని అడిగాను. ఏమడుగుతున్నానో ఆ అమ్మాయికి తెలుసు, నాకూ తెలుసు. పైగా మీలాంటివాళ్ళే అంటే మురిసిపోయి, ఇంటికొచ్చి ఆ ముక్క ఒక్కటే మా ఆయనకి గొప్పగా చెప్పాను. ఇప్పుడదంతా ఎవరికి చెప్పాలి? పరీక్ష రాసే హాల్లో కూడా ఎవరి పక్కనా కూర్చోనివ్వని రోజులు దాటి వచ్చిన ఈ మనిషికి. ఏడుపొచ్చింది.

ఆవిడ తొందరపెట్టలేదు. కళ్ళజోడు పెట్టె తెరిచి, ఆ తెల్లపట్టీ తీసి రెండు వేళ్ళతో పట్టుకున్నారు.

"ఇది పెట్టుకుంటే మనం లోపల చాపెల్‌లో, ఆ చిన్న ప్రార్థనగదిలో కూర్చుందాం. అక్కడ మీరు చెప్పింది నాతోనే పోతుంది, కాగితం మీదికి రాదు. పెట్టుకోకపోతే ఇక్కడే కూర్చుందాం. మీరు చెప్పిన ప్రతి మాటా రాస్తాను, ఆ నర్సు కూడా చదువుతుంది. పెట్టుకోమంటారా?"

అంత సులువైన దారి నాకు మళ్ళీ ఎవరూ చూపించలేదు. లోపలికి వెళ్ళి ఏడ్చి, మనసు తేలిక చేసుకుని, ఇంటికెళ్ళి వంట చేసుకోవచ్చు. హాలు అవతల కుర్చీలో ఆ నర్సు యూనిఫామ్‌లోనే కూర్చుని నిద్రలో ముందుకి తూగుతోంది.

"వద్దు. తీసే ఉంచండి" అన్నాను.

అడిగిన మాట చెప్పాను. 'ఎలాంటివాళ్ళు' అంటే అర్థమేమిటని అడిగారు. నల్లవాళ్ళుంటారా అని నా ఉద్దేశం అన్నాను. ఆవిడ ముఖంలో ఏ మార్పూ లేదు, కలం ఆగలేదు. రాసింది పైకి చదివి వినిపించారు. మా పంతులమ్మలకి తప్పులు దిద్దడం అలవాటు కదా, నా మాటలో ఒక్కటైనా మెత్తబడిందేమోనని ఆశగా విన్నాను. ఎక్కడా మెత్తబడలేదు. వృత్తి అన్నచోట నేను 'ఏమీ లేదు' అంటే ఆవిడ ఊరుకోలేదు, 'గణిత అధ్యాపకురాలు' అని రాయించారు. సంతకం పెట్టాను.

కేసు విచారణ దాకా పోలేదు. ఆ కాగితం చూశాక కాంప్లెక్స్‌వాళ్ళు రాజీకి వచ్చారు. మా ఎదురింట్లోకి నర్సు దిగింది. మొదటిరోజు మెయిల్‌బాక్సుల దగ్గర ఎదురుపడి, "మీ కాగితం చదివాను" అంది. నేను సారీ చెప్పాను. తలూపి, ఉత్తరాలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆవిడ నాతో స్నేహం చెయ్యాలని ఎక్కడా రాసిపెట్టి లేదు. ఇప్పుడు నా పార్సిల్ వస్తే లోపల పెడుతుంది, ఆవిడది వస్తే నేను పెడతాను. నాకు అది చాలు.

లాయరమ్మగారికి ఈమధ్య కళ్ళు సరిగా కనిపించక డ్రైవింగ్ మానేశారు. శనివారాలు నేనే కార్‌లో దింపుతున్నాను. మొన్న సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, ఇన్నాళ్ళూ మనసులో ఉన్నది అడిగేశాను.

"ఆ రోజు పట్టీ పెట్టుకోమంటే మీరేం చేసేవారు?"

ఆవిడ ఏమాత్రం ఆలోచించలేదు.

"పెట్టుకునేదాన్ని. మిమ్మల్ని మనస్ఫూర్తిగా క్షమించేదాన్ని" అన్నారు. "ఆవిడకి మాత్రం ఇల్లు దొరికేది కాదు."