ఎండలో చూడని వీడియో గేమ్

మా నాయన ఏ వస్తువునూ నీడలో చూసి కొనేవాడు కాదు. డోన్‌లో మాది బట్టల కొట్టు. లోపల పట్టపగలు కూడా ట్యూబులైట్లు వెలగాల్సిందే. అందుకని మ్యాచింగ్ రవికగుడ్డ కోసం వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ ఆయన మెట్లు దిగి బజార్లోకి వచ్చేవాడు. చీర కొంగు మీద రవికగుడ్డ పరిచి ఎండలో చూపించేవాడు. ట్యూబులైటు కింద ఒకటిగా కలిసిపోయిన రెండు ఆకుపచ్చలు ఎండ తగలగానే దాయాదుల్లా విడిపోయేవి. "లోపల అన్నీ మంచి రంగులే. ఎండలోకొస్తేనే తెలుస్తాది," అనేవాడు. గడియారమైనా, గొడుగైనా, చివరికి నా బడిసంచి అయినా ఆయన ఎండలో తిప్పి చూశాకే మా ఇంటికి వచ్చాయి.

పదో తరగతిలో ఐదు వందల మార్కులు దాటితే ఏది అడిగినా కొనిస్తానని నాయన అందరి ముందూ అనేశాడు. నేను దాటుతానని ఆయన అనుకోలేదు. నిజం చెప్పాలంటే నేనూ అనుకోలేదు. దాటాక, కమ్మలు అడగవే అంది అమ్మ. నేను చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ అడిగాను. ఆడపిల్లకు అదేం పిచ్చి అని అమ్మ రెండు రోజులు సాధించింది. నాకా, కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. నాయన మాత్రం మాటంటే మాటే అన్నాడు.

అప్పటిదాకా నా దగ్గరున్నది రైల్వే స్టేషన్ బయట కొన్న ఇటుకల ఆట. బూడిదరంగు తెర మీద నల్ల ఇటుకలు పైనుంచి పడేవి, అంతే. అసలైన వాటిలో ఏముంటుందో చూడాలని ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఒక నోట్సు నింపాను. తెర ఎంత వెడల్పు, ఒకసారి ఛార్జింగ్ పెడితే ఎంతసేపు వస్తుంది, ఆట డిస్కులో ఉంటుందా చిప్పులో ఉంటుందా, పాటలు వినొచ్చా, సినిమా చూడొచ్చా. రాసేకొద్దీ కొత్త అనుమానాలు పుట్టేవి. రెండు తెరలుంటే కళ్లు ఎటు చూడాలి? తెర మీద పుల్లతో గీస్తే ఆ గీత దానికెలా తెలుస్తుంది? ఆట మధ్యలో మూత మూసేస్తే లోపల పరిగెత్తే మనిషి ఏమైపోతాడు? ఈ మూడోదాన్ని మా సైన్సు సారును కూడా అడిగాను. ఆయన నా వైపు జాలిగా చూసి, సెలవుల్లో కాస్త నిద్రపొమ్మన్నాడు.

పేర్లెందుకు గానీ, నోట్సులో చివరికి మూడు మిగిలాయి. వెడల్పు తెరది, సినిమా కూడా చూపిస్తుంది, కానీ బ్యాటరీ తొందరగా అయిపోతుంది. రెండు తెరలున్న మడతది, పుల్లతో గీయొచ్చు. మూడోది అంతకు ముందు కాలపు చిన్నది, చవక. నా మనసు మడతదాని మీదే ఉంది. మా ఊళ్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలీదు కాబట్టి బ్యాటరీ ముఖ్యమని అందరికీ చెప్పాను గానీ, అసలు సంగతి రంగు. అది ముదురు నీలంలో వస్తుందని బొమ్మలో చూశాను. నీలందే కావాలని ఇంట్లో వందసార్లు అని ఉంటాను.

ఆ ఎండాకాలమే నాయన కళ్ల గొడవ మొదలైంది. కోడుమూరు నుంచి ఒక పెద్దామె కూతురి పెళ్లికని వచ్చి, నేవీ బ్లూ చీరకు రవికగుడ్డ అడిగింది. ఆ రోజు కొట్లో ఇసకేస్తే రాలని జనం. నాయన మెట్లు దిగలేదు, చేతికందిన గుడ్డ తాను లాగి కోసిచ్చాడు. వారం తిరక్కముందే ఆమె వచ్చి ఆ గుడ్డను గల్లాపెట్టె మీద పడేసింది. అది నలుపు. పెళ్లికూతురికి నల్లగుడ్డ పెట్టిన కొట్టు ఇదేనని కనపడినవాళ్లందరికీ చెప్తానని శాపనార్థాలు పెట్టి పోయింది.

నాయన తప్పంతా ట్యూబులైట్ల మీద వేశాడు. రెండుసార్లు మార్పించాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని అమ్మ విసుక్కుంది. కర్నూలు కళ్ల ఆసుపత్రికి పోదామంటే వినలేదు. "రంగు తెలీనోడు బట్టల శెట్టి ఎట్లయితాడు? నా కండ్లు శానా బాగుండాయి," అన్నాడు. అప్పటినుంచి తెల్ల పంచెలను కూడా ఎండలోకి తీసుకుపోవడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లు మెట్ల మీద నిలబడి చెమటలు తుడుచుకుంటూ పక్క కొట్టు వైపు చూసేవాళ్లు. ఇట్లాగే పోతే ఏడాది తిరిగేసరికి కొట్టు మూసుకోవాల్సిందేనని అమ్మ భయం. గేమ్ కొనడానికి నేనూ నాయనా కర్నూలు బయల్దేరిన రోజు ఆమె నన్ను వంటింట్లోకి పిలిచి, ఎట్లాగైనా ఆయన్ను ఆసుపత్రి మెట్లు ఎక్కించమని చెప్పింది. సరేనన్నాను. స్టేషన్ చేరేలోపే మర్చిపోయాను.

కర్నూల్లో మేం వెళ్లిన కొట్టు ఒక సాయిబుది. గడియారాలు, టార్చిలైట్లు, ఫారిన్ సామాన్లు అమ్మేవాడు. రంజానుకు బట్టలు మా దగ్గరే తీసుకునేవాడు కాబట్టి నాయనకు బాగా తెలుసు. మూడింటినీ డబ్బాల్లోంచి తీసి ముఖమల్ గుడ్డ మీద పెట్టాడు. నేను నోట్సు తెరిచి ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాను. రెండు పేజీలు తిరిగేసరికి ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"శెట్టీ, పాపకే అంతా తెలుసు. నన్నెందుకు అడుగుతాండాది?" అన్నాడు.

మూత సంగతి మాత్రం ఆయన చేసి చూపించాడు. ఆట నడుస్తుండగా మూత మూశాడు, కాసేపాగి తెరిచాడు. లోపలి మనిషి ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉన్నాడు. నేను నాలుగుసార్లు మూసి తెరిచాను. వాడు నాలుగుసార్లూ వదిలిన చోటే దొరికాడు. నాకెంత సంతోషమైందో చెప్పలేను. సైన్సు సారుకు చూపించాలనుకున్నాను.

ఇంతలో నాయన వెడల్పుదాన్ని చేతిలోకి తీసుకుని తిన్నగా రోడ్డు మీదికి నడిచాడు. మిట్టమధ్యాహ్నం, కర్నూలు ఎండ. వెనకే పరిగెత్తాను. ఎండలోకి వెళ్లగానే లోపల అంత ధగధగలాడిన తెర మాయమైంది. అందులో నాయన మీసం తప్ప ఇంకేమీ కనపడలేదు. మడతది కొంచెం నయం, ఏదో కదులుతున్నట్టు తెలిసింది. అన్నిటికన్నా పాతదాంట్లో బొమ్మ స్పష్టంగా, అచ్చు వేసినట్టు కనపడింది. ఇదేం విచిత్రమని కోపం కూడా మర్చిపోయి అడిగాను. కొత్తవాటికి లోపల దీపం ఉంటుందనీ, సూర్యుడి ముందు ఆ దీపం చాలదనీ, పాతదానికి దీపమే లేదు గనక అది ఎండనే వాడుకుంటుందనీ సాయిబు గడపలోంచి చెప్పాడు. గబగబా నోట్సులో రాసుకున్నాను. ఇంటర్నెట్లో ఎవరూ రాయని సంగతి అది.

నాయన మాత్రం తీర్పు చెప్పేశాడు. ఎండకు ఆగిందే సరుకు, పాతదే కట్టియ్యమన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. రోడ్డు మీదే అరిచాను. "నేనేమన్నా నడిబజార్లో కూచోని ఆడతానా? నువ్వూ నీ ఎండా. ఒక్కసారన్నా లోపల చూసి కొనలేవా?"

పోయేవాళ్లు ఆగి చూశారు. నాయన మొహం చిన్నబోయింది. చేతిలోది సాయిబుకిచ్చి, కొట్లోకి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"సరే. లోపలే చూస్తాం. నీకేది కావాల?" అన్నాడు.

మడతది చూపించాను. సాయిబు అందులో రెండు తెచ్చి పక్కపక్కన పెట్టాడు, ఒకటి ముదురు నీలం, ఒకటి నలుపు. నేను చెయ్యి చాపేలోపే నాయన నన్ను ఆపాడు. రంగు సంగతి తనకు వదిలెయ్యమన్నాడు. రెంటినీ ఎత్తి, ట్యూబులైటు కింద తిప్పి చూసి, ఒకటి నా చేతిలో పెట్టాడు.

"ఇదో, నువ్వడిగిండే నీలం."

అది నలుపు.

ముందు నాకు కోపమే వచ్చింది, ఎందుకు దాచాలి. తలెత్తి చూస్తే ఆయన మొహం వెలిగిపోతోంది. మ్యాచింగ్ కుదిరినప్పుడు కొట్లో కనపడే మొహం. సాయిబు నన్ను చూశాడు, నాయనను చూశాడు, చూపు దించుకుని డబ్బా కట్టడం మొదలుపెట్టాడు. ఎండలో చూడొద్దని అరిచింది నేనే. సాయిబు కట్టిచ్చిన డబ్బా అందుకున్నాను. కోడుమూరు పెద్దామె, అమ్మ వంటింట్లో చెప్పిన మాట, అన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. ఆసుపత్రి ముందు నుంచే ఆటోలో స్టేషన్‌కు వచ్చాం. ఆపమని అనలేకపోయాను.

ప్యాసింజర్ రైల్లో నాకు కిటికీ పక్కన సీటు దొరికింది. పొద్దు వాలుతోంది, ఎండ నేరుగా ఒళ్లో పడుతోంది. డబ్బా విప్పాను. మూత తెరవబుద్ధి కాలేదు. ఇంటికి పోతే అమ్మ చూసి నలుపేమిటని అడుగుతుంది. అప్పుడు నేనే నలుపు కోరుకున్నానని అబద్ధం చెప్పొచ్చు. నాయన మర్యాద మిగులుతుంది. కళ్లు మిగలవు. వెల్దుర్తి స్టేషన్ దాకా ఇదే ఆలోచన. చివరికి దాన్ని ఆయన చేతిలో పెట్టాను.

"నాయనా, దీన్ని ఒకసారి ఎండలో చూడు."

ఎండ వద్దన్నది నువ్వే కదా అని ఆయన నవ్వాడు. నవ్వుతూనే కిటికీ దగ్గర పట్టుకున్నాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నేను వేసుకున్న చున్నీ నేవీ బ్లూ. దాని కొస లాగి, కొట్లో చేసినట్టే, గేమ్ కింద పరిచాడు. రెండు రంగులూ విడిపోయాయి. ఆయన వేలు గేమ్ మీది నుంచి చున్నీ మీదికి, చున్నీ మీది నుంచి గేమ్ మీదికి మెల్లగా పోయింది. నవ్వు ఆగిపోయింది.

"ఇది నలుపు గదా పాపా."

"అవును నాయనా."

"ఆడనే ఎందుకు చెప్పలే?"

నాకు ఏడుపొచ్చేసింది. ఆయన చున్నీ కొస నా చేతిలో పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. డోన్ వచ్చేముందు, కోడుమూరామెది తప్పు కాదని ఒక్క మాట అన్నాడు. దిగాక సంచి భుజానికి తగిలించుకుంటూ, కళ్ల ఆసుపత్రి ఎక్కడుందో మీ అమ్మకు తెలుసంట కదా అన్నాడు.

కళ్లలో శుక్లాలు ముదిరి, పాతబడిన కాగితంలా పసుపెక్కాయని డాక్టరు చెప్పాడు. పసుపెక్కితే నీలం నలుపెందుకు కావాలని నాకు పట్టుకుంది. పట్టుచీరల డబ్బాల్లో వచ్చే పసుపుపచ్చ గాజుకాగితం తెచ్చి గేమ్ తెర మీద మడత మీద మడతగా వేసి చూశాను. ఆటలో సముద్రం ఉంది. మడత పెరిగేకొద్దీ సముద్రం నల్లబడిపోయింది. ఆ సరదాలో పరిగెత్తుకుంటూ పోయి నాయనకు చూపించాను. ఒకసారి కాగితంతో, ఒకసారి కాగితం తీసి. ఆయన చాలాసేపు చూసి, రెండూ ఒకటిగానే ఉన్నాయన్నాడు. నా సరదా అక్కడితో చచ్చిపోయింది. నీలమన్నది ఆయనకు ఎన్నేళ్లుగా నల్లగా ఉందో ఆయనకే తెలీదు.

ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు, కొన్ని వారాలకు రెండోదానికి. నల్లద్దాలు తీసేసిన రోజు ఆయన కొట్లో నీలం తాన్లన్నీ కిందికి దింపించి, ఒక్కొక్కటీ విప్పుకుంటూ కూర్చున్నాడు. నీలం ఇంత బాగుంటుందా అని అమ్మను అడిగాడంట.

తర్వాత కొన్నాళ్లకు, ఒకరోజు పొద్దున్నే కోడుమూరు పోతున్నానని చెప్పి బయల్దేరాడు. అదే రోజు నా గేమ్ కనపడలేదు. నల్లదైతేనేం, అప్పటికి అది నా ప్రాణమైపోయింది. మంచాలు ఎత్తించాను, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టించాను, అమ్మతో జగడం పెట్టుకున్నాను. సాయంత్రం నాయన వచ్చాడు. నేవీ బ్లూ గుడ్డ ఒకటి కోసుకుని పోయి ఆ పెద్దామె చేతిలో పెట్టి వచ్చాడంట. పెళ్లి ఎప్పుడో అయిపోయింది, అయినా ఆమె తీసుకుని మజ్జిగ ఇచ్చిందంట. అక్కడినుంచి బస్సెక్కి కర్నూలు పోయాడంట. జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. మడత గేమ్, ముదురు నీలం. లోపల నా ఆట చిప్పు అట్లాగే ఉంది. వాడినదాన్ని మార్చివ్వడానికి సాయిబు మారుమాట్లాడలేదంట.

నాకు నోరు ఊరికే ఉండదు కదా, ఎండలో చూసే తెచ్చావా అని అడిగాను.

"లేదు పాపా," అన్నాడు. "ట్యూబులైటు కిందనే చూసినా."