కత్తిరించకూడని పేజీలు

రాప్తాడులో పాత పేపర్ల అంగడి నడిపే చాచా పోయిన శుక్రవారం కన్నుమూశారు. కబురు వచ్చేసరికి నేను మిషను మీద జాకెట్టు కుడుతున్నాను. ఆయన గుర్తొస్తే ఎప్పుడూ ముందు నవ్వే వస్తుంది. ఆ రోజూ అదే వచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది.

దర్జీ పనికి కొలతల ప్రకారం కత్తిరించుకునే కాగితాలు కావాలి గనుక నెలకోసారి ఆయన దగ్గర కిలో పేపర్లు కొనేదాన్ని. మొదటిసారే తూకం వేసి, పైన ఒక పేజీ విడిగా మడిచి పెట్టారు.

"ఇది కత్తిరించొద్దు మా. చదివి ఎట్లుండాదో చెప్పు."

రైలు పట్టాల వెంట రోజంతా నడుస్తూ బోల్టులు చూసే మనిషి గురించి ఒక విలేకరి రాసిన కథనం అది. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసిన నేను, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా వదలకుండా చదివాను. ఆ తర్వాత నెలకో పేజీ ఇచ్చేవారు: గుడ్లగూబలు, జైల్లో వంటశాల, సముద్రం అడుగున వేసిన తీగలు.

"మన ఫోన్ మాటలన్నీ సముద్రం కింద పోతాయంట. ఈడ చెరువులో చుక్క లేదు, మాటలకు మాత్రం అన్ని నీళ్లు" అని నవ్వేవారు. "తూకానికి అన్ని పేజీలూ ఒకటే మా, చదివేదానికి కాదు" అన్నదీ ఆయనే.

ఒక ఏడు మా మండలంలో వేరుశనగ బ్రహ్మాండంగా ఉందని పేపర్లో వచ్చింది. మా చేను చూడ్డానికి పచ్చగానే ఉంది, పీకితే కాయ లేదు. కోపంతో ఆ పేజీ తీసుకెళ్లి చాచా ముందు పెట్టాను.

"రోడ్డు మీద నిలబడి చూసి రాసినట్టుండాడు. నువ్వు రాయి."

"నేనా చాచా?"

"చేను నీదే కదా."

రాసి ఇచ్చాను. చదివి వెనక్కిచ్చేశారు.

"దీంట్లో అంతా ఏడుపే ఉండాది. ఎన్ని చెట్లు పీకితే ఎన్ని కాయలొచ్చినాయో అది యాడ?"

రోషం వచ్చింది. వెళ్లి పది చెట్లు పీకాను. పదకొండు కాయలు, సగం డొల్లవే. అదే రాసి పేపరుకు పంపితే వారానికి అచ్చయింది. ఉత్తరం కింద ఉన్న నా నంబరుకు, పంట బ్రహ్మాండమని రాసిన విలేకరే ఫోన్ చేసి, చేను చూపిస్తారా అని అడిగాడు. అతను మళ్లీ రాశాక అధికారులు కూడా చేలల్లోకి దిగి చూశారు.

నాకు మాత్రం అతను వచ్చిన ఆ ఉదయమే గుర్తుండిపోయింది. అంగడి మూసేసి చాచా కూడా ఆటోలో దిగారు. విలేకరి బూట్లు విప్పి సాళ్ల మధ్య తానే చెట్లు పీకుతూ రాసుకుంటుంటే, చాచా లుంగీ ఎగగట్టి గట్టు మీద కూర్చున్నారు. ఒక చెట్టును ఎండకు ఎత్తి పట్టుకుని వేర్లన్నీ వెతికారు. ఒక్క కాయ దొరికింది. దాన్ని ఒలిచి, ఉన్న రెండు గింజల్లో ఒకటి విలేకరికి, ఒకటి నాకు పెట్టి, ఒట్టి డొప్ప తన జేబులో వేసుకున్నారు.