జరగని మీటింగుకు సాక్షిని

నిన్న గూడూరులో ఓ ఆసుపత్రి వరండా ఎవరో తుడుస్తుంటే బ్లీచింగ్ నీళ్ల వాసన వచ్చింది. చిట్టమూరు దగ్గర రొయ్యలు శుభ్రం చేసి ఎగుమతి చేసే కంపెనీలో పనిచేసినన్నాళ్లూ, లోపలికి వెళ్లే ముందు అలాంటి నీళ్లలోనే చేతులు ముంచేవాళ్లం. అక్కడ సూపర్‌వైజరుగా ఉండిన మరియమ్మక్కే నాకు పని నేర్పింది. చేరిన కొత్తలో ఒకరోజు ఐసుగది చల్లదనం ఎంతుందో చూడకుండానే రిజిస్టరులో ముందురోజు అంకె వేసేశాను. ఆమె కోప్పడలేదు. మోచెయ్యి పట్టుకుని గది దాకా నడిపించింది. "చూసినాక రాయి అబ్బయా. నువ్వు రాసింది నమ్మి ఎవురో తింటారు" అంది. రెండేళ్లకు ఆఫీసులో గుమాస్తా పని ఖాళీ అయితే మేనేజరుకు నా పేరు చెప్పింది కూడా ఆమే. "ఈ అబ్బయ్య రాస్తే నమ్మొచ్చు సార్" అందట.

నిండు గర్భిణి ఒకామె రోజంతా నిలబడి రొయ్యలు వలుస్తుంటే, కూర్చోవడానికి స్టూలు ఇప్పించమని మరియమ్మక్క మేనేజరును నలుగురిలో అడిగింది. ఆ తర్వాత కొన్నాళ్లకే, పని తగ్గింది కాబట్టి ఒక సూపర్‌వైజరు పోస్టు తీసేస్తున్నామన్నారు. అలా తీసేటప్పుడు రూలు ప్రకారం చివర చేరినవాళ్లను ముందు పంపాలి, మనిషిని పిలిచి మాట్లాడాలి. ఉన్న ముగ్గురు సూపర్‌వైజర్లలోకీ పాత మనిషి ఆమే. ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడినట్టు, వేరే పని ఇస్తామంటే ఆమె వద్దన్నట్టు రాసిన కాగితం మేనేజరు నా ముందు పెట్టాడు. "సాక్షివి నువ్వే. సంతకం పెట్టు."

"ఈ మీటింగు జరగలేదు కదా సార్?"

"నీ పోస్టు గురించి కూడా ఆలోచిస్తా ఉండాం" అన్నాడు, మెల్లగా.

నాకు ఇంట్లో ఇబ్బందులుండేవి. ఆమెకూ ఉండేవి. సంతకం పెట్టాను.

ఆ మధ్యాహ్నమే ఆ కాగితం చూపించి ఆమె గుర్తింపు కార్డు తీసేసుకున్నారు. నా బల్ల దగ్గరికి వచ్చి, "నాతో ఎప్పుడు మాట్లాడినారంట అబ్బయా?" అని అడిగింది. నేను కంప్యూటరు వైపే చూస్తూ కూర్చున్నాను. నెల తిరక్కుండా మేనేజరు బావమరిది అదే పనిలో చేరాడు, హోదాకు వేరే పేరు పెట్టుకుని.

ఆమె నెల్లూరు లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేసింది. అధికారి నన్ను పిలిపించి, "మీటింగు జరిగిందా?" అన్నాడు.

"జరిగింది సార్."

చెప్పేదేమైనా ఉందా అని ఆమెను అడిగాడు. ఆమె, "ఈ అబ్బయ్యకు పని నేర్పింది నేనే సార్" అని మాత్రం అంది. ఫైలు మూసేశారు.

తర్వాత నేను వెంకటాచలంలో వేరే ఉద్యోగానికి మారాను. పోయిన ఏడాది ఆమె ఇంటికి వెళ్లి, ఆ సంతకం ఎలా పెట్టానో అంతా చెప్పాను. మంచినీళ్లిచ్చి విన్నది. "ఇదంతా నాకు తెలిసిందే గదా. నాకెందుకు చెప్తుండావు? ఆ ఆఫీసులో పోయి చెప్పు" అంది.

జరిగిందంతా కాగితం మీద రాసుకుని ఒకసారి లేబర్ ఆఫీసుకు వెళ్లాను. అధికారి భోజనానికి వెళ్లాడు, అరగంట ఆగమన్నారు. ఆగలేదు. ఆ కాగితం ఇంకా నా సంచిలోనే ఉంది.