నొప్పులు రాకూడదని కట్టిన ముడుపు

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఒకటి చెబుతాను, ఇట్లా దగ్గరికి జరిగి కూచోండి. నా గొంతు ఇప్పుడు అంత దూరం రాదు. చేతిలో పనుంటే ఉండనీయండి, అనపకాయలు ఒలుస్తూ కూడా వినొచ్చు.

అప్పుడు మేం పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే రోడ్డుకు కొంచెం లోపలగా, ఒక పల్లెలో ఉండేవాళ్లం. నాకు ఏడేళ్లో ఎనిమిదేళ్లో. మా అమ్మ నిండు చూలాలు. ఇంట్లో పెత్తనమంతా మా అవ్వది, అంటే మా నాయనను కన్నతల్లిది. పక్కింట్లో ఒక బీబమ్మ ఉండేది. ఆమె మొగుడు సంతల్లో గాజులు అమ్మేవాడు. ఆమె మాత్రం ఊళ్లో ఎవరికి కాన్పు వచ్చినా అక్కడే. పిలిస్తే వచ్చేది, పిలవకపోయినా వచ్చేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడేది, మాతో తెలుగు. ‘ఆవు వచ్చినాడు’ అనేది, ‘మీ నాయన వచ్చింది’ అనేది. నేను ఆమె వెనకాలే నిలబడి అట్లాగే అని నవ్వేదాన్ని.

ఆ రోజుల్లో ఆడవాళ్లు మా ఇంటికి ఎవరొచ్చినా ఒకటే మాట. “ఇంకా నొప్పులు రాలేదామ్మే?” అని ఒకరు, “వస్తాయిలే, ఈ అమావాస్య దాటనీ” అని ఇంకొకరు. చుట్టాల కోసం ఎదురుచూసినట్టు అడిగేవాళ్లు. నాకేమో నొప్పంటే తుమ్మముల్లు దిగినప్పుడు వచ్చేది, చెవులు కుట్టినప్పుడు వచ్చింది. అటువంటివి గుంపుగా మా అమ్మ మీదికి రావాలని వీళ్లంతా కోరుకుంటున్నారే, కోరుకుంటూ నవ్వుతున్నారే అని నాకు కడుపుమంట. మా అమ్మకు ఈ లోకంలో నేను తప్ప దిక్కు లేదనుకున్నాను.

మా ఇంట్లో కష్టమొస్తే అవ్వ గంగమ్మకు ముడుపు కట్టేది. పసుపు గుడ్డలో నాణెం పెట్టి, మొక్కు చెప్పుకుని, ముడి వేసి దేవుడి గూట్లో ఉంచేది. కోరింది జరిగేదాకా ఆ ముడి ఎవరూ విప్పకూడదు. నేనూ ఒకటి కట్టాను. నాణెం లేక పసుపుకొమ్ము పెట్టాను. మా అమ్మకు నొప్పులు రాకూడదు తల్లీ అని మొక్కి, ముడి మీద ముడి బిగించి, రాగుల కుండ వెనకాల దాచాను.

అయినా ఒకరోజు పొద్దున్నే నొప్పులు వచ్చాయి. అమ్మను నడిమింట్లోకి తీసుకుపోయి, నన్ను బయట కూచోబెట్టారు. లోపల అమ్మ అరుపులు. నేను చెవులు మూసుకుని గంగమ్మ మీద అలిగాను. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అరుపులు ఆగిపోయాయి. ఆలస్యంగానైనా తల్లి నా మాట విన్నదని నేను ఎగిరి గంతేయబోయాను. అంతలో అవ్వ బయటికి వచ్చింది. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“నొప్పులు నిలిచిపోయినాయిరా. బిడ్డ నడాన, దోవలోనే ఉండాది” అంది మా నాయనతో. ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా కారు కోసం పుంగనూరికి సైకిల్ ఎక్కాడు.

కాన్పు కష్టమైతే ఇంట్లో ముడి అన్నది ఉండకూడదని మా అవ్వ నమ్మకం. దూడ పలుపు విప్పించింది. మూటల మూతులు విప్పించింది. ట్రంకుపెట్టె తాళం తీసింది. నా జడలు విప్పింది, తన కొప్పూ విప్పుకుంది. ఎప్పుడూ జుట్టు చెదరని మనిషి, తెల్లటి వెంట్రుకలు వీపంతా పరుచుకుని ఇల్లంతా తిరుగుతూ, “ఇంగా యాడో ఒగటి ఉండాది, సూడండమ్మా” అంటోంది.

అది ఎక్కడుందో నాకు తెలుసు. విప్పితే గంగమ్మ ఊరుకోదు. విప్పకపోతే అమ్మ దక్కదు.

బీబమ్మ వేడినీళ్ల కోసం పెరట్లోకి వచ్చినప్పుడు ఆమె కొంగు పట్టుకుని మొత్తం చెప్పేశాను. అంత తొందరలోనూ ఆమె కడవ కింద పెట్టి నా ముందర కూచుంది.

“అరె బేటీ, నా తెలుగుకు నవ్వుతావే. నీకే రాలేదా తెలుగు?” అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని అడిగింది. “బాయిలో నీళ్లు సేదితే చెయ్యి నొస్తాదా లేదా?”

“నొస్తాది.”

“నొస్తాదని నడాన ఇడిసేస్తే, బొక్కెన యాడికి పోతాది?”

“లోపలికే పోతాది.”

“మీ అమ్మ ఇప్పుడు సేదుతా ఉండాది. ఆ నొప్పులే తాడు. తాడు లేకుండా బిడ్డ ఎట్లొస్తాడు?”

గంగమ్మ కోప్పడదా అని అడిగాను.

“ఆమెకు తెలుగు బాగా వస్తాదిలే. నీ మాదిరి కాదు.”

ముడుపు తెచ్చాను. నేను బిగించిన ముడి నా వేళ్లకే లొంగలేదు. ఆమె పళ్లతో లాగి విప్పింది. పెదాలకు పసుపు అంటింది. ఆ పెదాలతోనే నన్ను లోపలికి పిలిచింది. చిన్నపిల్లను లోపలికి ఎందుకని అవ్వ అడ్డం వస్తే, “ఇడిసిపెట్టమ్మా, దానికీడ పనుండాది” అంది.

అమ్మకు గోరువెచ్చటి అంబలి తాగించి, భుజం కింద చెయ్యి వేసి ఈ గోడ నుంచి ఆ గోడకు నడిపించింది. నా చెయ్యి తీసి అమ్మ చేతిలో పెట్టింది. “తగ్గిపోతాదిలే అని మాత్రం సెప్పొద్దు, అది అబద్దం. చెయ్యి ఇడవొద్దు, అంతే” అని నా చెవిలో చెప్పింది.

నొప్పి మళ్లీ రావడం నేను నా కళ్లతో చూశాను. అవతలి కొండ మీద మొదలైన వాన మన చేను మీదికి నడిచి వస్తుంది చూడండి, అట్లా వచ్చింది. ముందు అమ్మ నడుములోకి, తర్వాత భుజాల్లోకి, తర్వాత నా మణికట్టులోకి. అమ్మ ముఖం నేనెరిగిన ముఖం కాదు. జాతరలో అమ్మవారిని ఎత్తుకొచ్చి మన వాకిట్లో నిలిపినప్పుడు ఒళ్లు జలదరిస్తుందే, అట్లాంటి భయం, ఆ భయంలోనే దండం పెట్టాలనిపించడం. అప్పటిదాకా నాకు అన్నం పెట్టే అమ్మే తెలుసు. ఇంత పెద్దది ఆమెలో ఉందని తెలియదు.

మా నాయన కారు తీసుకొచ్చేలోపే తమ్ముడు ఏడ్చాడు. నా ముడి విప్పినందుకో, బీబమ్మ నడిపించినందుకో నాకిప్పటికీ తెలియదు. చెమటలో తడిసిన అమ్మ నా వైపు తిరిగింది. ఎర్రగా కందిపోయిన నా చేతిని చూసి, “నొచ్చిందా పాపా?” అని అడిగింది. అంత నొప్పి పడిన మనిషి, నా చేతికి నొచ్చిందా అని అడిగింది.

తర్వాత నేను కుప్పానికి కోడలిగా వచ్చాను. అన్ని నొప్పులూ బిడ్డను తేవని ఇక్కడికొచ్చాకే తెలుసుకున్నాను. నా మొగుడి రోగంలో చూశాను. చివరి రోజుల్లో మా అమ్మను మదనపల్లె ఆసుపత్రిలో చూసుకుంటూ కూడా చూశాను. ఆ నొప్పి ఏ బావిలోంచీ ఏదీ పైకి తేలేదు. ఎందుకొచ్చిందని ఎవరినని అడగను? బీబమ్మ ఉంటే ఆమె కూడా చెప్పలేకపోయేదేమో. ఆమె చెవిలో చెప్పిన మాట మాత్రం అక్కడా పనికొచ్చింది. తగ్గిపోతుందని నేను అమ్మతో ఒక్కసారీ అనలేదు. పక్కన కూచున్నాను.

ఇప్పటికీ మా వీధిలో ఎవరైనా మంచాన పడితే అందరూ పండ్లు తీసుకుపోతారు, ధైర్యం చెబుతారు. నేను ఒట్టి చేతులతో పోతాను. నొప్పి పడుతున్న మనిషి ముందర నాకు జాలి కంటే ముందు గౌరవం వస్తుంది. నోరు దానంతటదే మూతపడుతుంది, చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది.

మీ గడపలోకి నొప్పి రాకూడదని దీవించేంత తెలియనిదాన్ని కాదు ఇప్పుడు. వచ్చిన రోజున మీ ఇంట్లో ఎవరూ ఒంటరిగా ఉండకుండుగాక. మీ పిల్లాజెల్లా, గొడ్డూగోదా, పొయ్యీ పొంతా చల్లగా ఉండుగాక.