రొయ్యలు తినే కోషర్ మనిషి

రొట్టె కాలే వాసన తగిలితే చాలు, ఈ రోజుకీ నాకు రివ్కా గారే గుర్తొస్తారు. ఇప్పుడు దుబాయ్ పక్కనే, రోలాలో ఒక ఆంధ్రా హోటల్ వంటగదిలో పెత్తనమంతా నాదే. కరోనా తగ్గాక మొదట చేరింది మాత్రం దుబాయ్‌లో యూదుల భోజనాలు వండే కంపెనీలో. వంటలో యూదుల ఆచారం తప్పకుండా చూసే పెద్దావిడ రివ్కా గారు. గుడ్లు ఒక్కొక్కటే గాజు గిన్నెలో కొట్టి, నెత్తురు చుక్క లేదని చూడాలి. రొట్టెల పొయ్యి ఆవిడే వెలిగించాలి; యూదులం కాని మాలో ఎవరు వెలిగించినా ఆ రొట్టె పనికిరాదు. మా కోనసీమ మడి దీని ముందు ఏ మూలకి!

అంతా సరిగ్గా ఉంటే "కోషర్" అనేవారు. అదేం మాట మేడమ్ అని నా వచ్చీరాని ఇంగ్లిష్‌లో అడిగాను.

"తగినది అని మా పాత హీబ్రూ మాట. మా అమ్మమ్మ మాట్లాడే యిడ్డిష్‌లో మంచి మనిషినీ అలాగే అనేవాళ్లు. అక్కణ్ణుంచి ఇంగ్లిష్ వాళ్లు పట్టుకెళ్లారు. వాళ్లకి మోసం లేని బేరం కోషర్."

"వంటగదిలో మా వాళ్లు వీసా కోషరేనా అంటున్నారు మేడమ్!" అన్నాను.

ఆవిడ పడీ పడీ నవ్వారు. "మా మాట కదా, మాలాగే దిగిన చోటల్లా పని వెతుక్కుంటుంది."

ఒక పెళ్లి ఆర్డరు నాడు ఆవిడ ట్రాఫిక్‌లో చిక్కుకున్నారు. మా ముదీర్, అంటే మేనేజరు, ఆగలేక పొయ్యి తనే వెలిగించేశాడు. "ఎవరికి తెలుస్తుంది? యల్లా, కానివ్వు. నోరు విప్పావో, నీ వీసా ఖలాస్!" అన్నాడు నాతో. రొట్టెలు దించుతుండగా రివ్కా గారు వచ్చారు. పొయ్యి ఎవరు వెలిగించారని అడిగితే అందరూ తలలు దించుకుని రొట్టెలు సర్దసాగారు. ఊళ్లో పిల్లల చదువు నా జీతం మీదే నడుస్తోంది. కానీ ఆ పెళ్లివారు ఆవిడ మాట నమ్మి తింటారు, ఆవిడ మమ్మల్ని నమ్మి మాట ఇస్తారు. మధ్యలో నేను అబద్ధమెలా పెట్టను?

"ముదీర్ వెలిగించారు మేడమ్," అన్నాను.

రొట్టెలన్నీ తీయించేసి పిండి మళ్లీ కలిపించారు. ముదీర్ నా వీసా పొడిగించలేదు, ఉద్యోగం పోయింది. వెళ్లే రోజు రివ్కా గారు నా రెండు చేతులూ పట్టుకుని, నువ్వు కోషర్ మనిషివి అన్నారు.

"అయ్యో మేడమ్, నేను రొయ్యలు తినేదాన్ని! మీకవి నిషిద్ధం కదా!"

"నీ కంచం సంగతి నేనడిగానా?" అన్నారు.

పని పోయినదాన్ని, ఏడుస్తూ నా గదికెళ్లే అజ్మాన్ బస్సెక్కాల్సింది. తలెత్తుకుని ఎక్కాను. ఆ తల ఇంతవరకూ ఎవరి ముందూ దించలేదు.