సూది పుండు

నిన్న కర్నూలులో డాక్టరుగారు సన్నటి గొట్టం చివర కెమెరాతో మూత్రసంచి లోపలంతా వెతికి, కణితి జాడ ఎక్కడా లేదని చెప్పగానే, నేను దేవుడికి దణ్ణం పెట్టడం కూడా మరిచిపోయి ఎడమ భుజం తడుముకున్నాను. పక్కనున్న కోడలు నాకు భుజం నొప్పేమో అనుకుంది. అక్కడ నా చిన్నప్పటి టీకా మచ్చ ఉంది. దాని సంగతి నా ఈడువాళ్లకు చెబితేనే అర్థమవుతుంది.

పాతికేళ్లు నిండకముందే నేను మంగంపేట దగ్గర ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరాను. ముగ్గురాయి గనుల్లో పనిచేసేవాళ్ల గుడిసెలకు వెళ్లి, పసిపిల్లలకు క్షయ రాకుండా బీసీజీ టీకా వేయడం నా పని. ఐసు డబ్బా భుజాన తగిలించుకుని, వెలుతురు తగిలితే మందు పాడవుతుందని ఆ గోధుమరంగు బుడ్డిని కొంగు చాటున దాచుకుంటూ తిరిగేదాన్ని. తెల్లటి రాతిపొడి చెప్పులకే కాదు, జడకూ పట్టేది. మా అమ్మ నన్ను గుమ్మం బయటే నిలబెట్టి దులిపి గానీ లోపలికి రానిచ్చేది కాదు.

ఒకసారి, గనిలో రాళ్లు మోసే ఒక తల్లి, నేను సూది వేసిన నెలా పదిరోజులకు బిడ్డను చంకనేసుకుని కేంద్రానికే వచ్చి పదిమందిలో నన్ను కడిగేసింది.

"ఏం సూది ఏసినావు నర్సమ్మా, బిడ్డ చెయ్యి చీము పట్టి ఉండాది, చూడు!"

పైగా దానిమీద సున్నమూ పసుపూ పట్టించింది. ఆమె మాట విని మిగతా తల్లులు తలుపులు వేసుకుంటే నా పని గంగలో కలిసినట్టే. అందుకని జాకెట్టు చెయ్యి పైకి జరిపి నా మచ్చ చూపించాను.

"నాకూ ఇట్లే అయినాది. ఏమీ పుయ్యాకమ్మా, అదే మానుతాది."

ఎందుకు మానుతుందో నాకే తెలియదు. శిక్షణలో విన్నదే గొంతు పెంచి ఒప్పజెప్పాను. రెండు నెలల తర్వాత ఆమె మళ్లీ వచ్చి, బిడ్డ చెయ్యి నా ముందుకు చాపింది. పుండు మానిపోయి గుండ్రటి మచ్చ మిగిలింది. కొంగుముడి విప్పి గుప్పెడు వేరుచెనిక్కాయలు నా బల్లమీద పోసి వెళ్లిపోయింది.

ఇన్నేళ్లకు నాకు మూత్రంలో రక్తం కనబడింది. క్యాన్సరు కణితి తీసేసి, మళ్లీ మొలవకుండా మూత్రసంచిలోకే వారం వారం మందు ఎక్కించాలన్నారు. నర్సుపిల్ల తెచ్చిన బుడ్డి చూసి నిర్ఘాంతపోయాను, అది బీసీజీ! క్షయ టీకాకు క్యాన్సరుతో ఏం పని అంటే డాక్టరుగారు ఓపికగా చెప్పారు. నెత్తురులో టీ కణాలని, రోగక్రిములతో పోరాడే కొన్ని తెల్లకణాలు ఉంటాయట; క్యాన్సరు కణాలు మన ఒంట్లో పుట్టినవే గనుక ఇవి ఒక్కోసారి వాటిని చూసీ చూడనట్టు వదిలేస్తాయట. ఈ టీకా లోపల అలజడి రేపితే అవి గుంపుగా వచ్చి, పక్కనే నక్కిన క్యాన్సరు కణాలనూ పట్టుకుంటాయట. ఇక చాలని మిగతావాటిని శాంతింపజేసే టీ కణాలు వేరే ఉన్నాయట. అంటే ఆనాడు బిడ్డ చేతిమీద పుండు రేపడంలోనూ, దాన్ని చల్లార్చడంలోనూ వీటి చెయ్యే ఉందన్నమాట!

ఇంత విన్నా, మూడోవారం మంటా జ్వరమూ పట్టుకునేసరికి ఆ తల్లిలాగే బెంబేలెత్తి, ఇక మందు వద్దని పోట్లాడాను. మానేస్తే కణితి మళ్లీ వచ్చి మూత్రసంచే తీసేయాల్సి రావచ్చని తెలిసీ పోట్లాడాను. డాక్టరుగారు పరీక్షించి, ఈ మందుకు ఇది మామూలేనని చెప్పి, జ్వరం తగ్గేదాకా ఒక వారం ఆపి మళ్లీ మొదలుపెట్టారు. ఎంతమంది తల్లులను ఓర్చుకోమన్నానో గుర్తొచ్చి సిగ్గేసింది. పళ్లబిగువున ఆరు మోతాదులూ పూర్తిచేశాను.

ఇప్పుడు తల్లులు పుండును ఫోటో తీసి ఫోన్లో పంపితే నర్సు నిమిషంలో జవాబిస్తుంది. మంచిదే, ఎండలో బిడ్డను మోసుకొచ్చి పోట్లాడే కష్టం తప్పింది. కానీ మానాక తిరిగొచ్చి బిడ్డ చెయ్యి చూపేవాళ్లూ లేరు. నిన్న కడప బస్సులో గుండె దూదిలా తేలికై వస్తూ ఉంటే, ఆ తల్లి ఒక్కసారి కనబడితే బాగుండుననిపించింది. గుప్పెడు చెనిక్కాయలు ఆమె ఒళ్లో పోసేదాన్ని. ఆమెలా చెయ్యి చాపి చూపుదామంటే మాత్రం, నాకు మానింది లోపలెక్కడో ఉంది.