ఇంజన్‌కు కొసరి వడ్డించాను

కొలతల గురించి పిల్లలకు చెప్పి బతికినవాణ్ణి నేను. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ పాఠం నాది. అలాంటి నేను కారు ఇంజన్‌లో ఆయిల్ ఎంత పోయాలన్న దగ్గర మాత్రం మా అమ్మ చేతి కొలతే పాటించాను. కోస్తాలో మా ఇంట్లో, అతిథి "చాలు" అన్నాడంటే ఇంకాస్త వెయ్యమని అర్థం. విస్తరికి రెండు చేతులూ అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పడుతుంది.

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. ఆ రోజు బంద్, క్లాసుల్లేవు. తోచక కారు డిక్కీ సర్దుతుంటే ఆయిల్ డబ్బా కనిపించింది. ఎల్బీనగర్‌లో మా మెకానిక్ వారం కిందటే ఆయిల్ మార్చి, మిగిలింది "తగ్గితే పోద్దాం, ఉంచుకోండ్రి" అని ఇచ్చాడు. లీటరు పైనే ఉంది. ముసలి కారు, పాపం, బలానికి పనికొస్తుందని మొత్తం వంపేశాను. చివరి చుక్క కోసం డబ్బాను తలకిందులుగా పట్టుకుని నిలబడ్డాను కూడా.

మూడో రోజుకు కారు నీలంగా పొగ వదిలింది. ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత తీస్తే, గాలి వెళ్ళాల్సిన చోట నల్లటి నూనె. ఫిల్టరు మూకుట్లోంచి తీసిన గారెలా ఉంది. పార్కింగులో నలుగురు చేరారు.

"సర్వీసు ఎవరు చేశారండీ?" అన్నాడు కింది ఫ్లాటాయన. చెప్పాను.

"ఇంకేం! మనం ఆంధ్రావాళ్ళమని తెలిసే ఉంటుంది."

ఆ మాట అబద్ధమని నాకు తెలుసు. ఒకసారి మలక్‌పేటలో కారు ఆగిపోతే, వానలో స్కూటరేసుకొచ్చి బాగుచేసి వెళ్ళిన మనిషి అతను. అయినా, "అంతేనేమో లెండి, కావాలనే చేసుంటాడు" అన్నాను. ఇంజన్‌లో నూనె పోసి, నలుగురిలో నోరు పారేసుకున్నాను. ఆ వారం మా అపార్ట్‌మెంట్ నుంచి అతని షెడ్డుకు వెళ్ళాల్సిన రెండు కార్లు వేరే దారి పట్టాయి.

నేను మాత్రం సిగ్గులేకుండా అతని దగ్గరికే వెళ్ళాను. ఫిల్టర్ పెట్టెలోంచి ఇంజన్ మీదికి పోయే సన్నటి పైపు ఊడదీసి, లోపల వేలు పెట్టి చూశాడు. వేలు నల్లగా వచ్చింది.

"ఇంజన్ ఊపిరి ఇడిసే పైపు సార్ ఇది. దీంట్లకెళ్లే ఎక్కింది నూనె. లోపల పిస్టన్ రింగులు అరిగిపోయినయా ఏంది?" మొహం చిన్నబోయింది. "నేనే ఏమన్న తప్పు చేసిన్నా సార్?"

అప్పుడు నేలలోకి కూరుకుపోవాలనిపించింది. అతను ఆయిల్ కొలిచే కడ్డీ లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి తీశాడు. పైగీతను దాటి ఎక్కడికో పోయింది నూనె.

"డిక్కీల డబ్బా ఏది సార్?"

తెచ్చి ఇచ్చాను. బోర్లించాడు. చుక్క రాలలేదు.

"ఇంజన్ ఏమన్న మీ కొత్తల్లుడా సార్, కొసరి కొసరి ఒడ్డిచ్చెటందుకు? ఎక్కువైతే లోపల చిలికినట్టయితది. నురగొచ్చి గీ పైపులకెళ్లి పైకి తన్నుతది."

అతను నవ్వుతుండగానే పార్కింగులో అన్న మాట చెప్పేశాను. చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగాడు.

"గందుకేనా గా రెండు బండ్లు రాలే?"

క్షమించమన్నాను.

"మాఫీ నాకెందుకు సార్? యాడ జెప్పిన్రో ఆడనే జెప్పుండ్రి."

ఆదివారం నాలుగు ఫ్లాట్ల తలుపులూ తట్టాను. నాలుగు చోట్లా కాఫీ ఇచ్చారు. నాలుగు చోట్లా చల్లారిపోయింది. ఒక కారు అతని షెడ్డుకు తిరిగి వెళ్ళింది. రెండోది వెళ్ళలేదు. ఇప్పటికీ ఆ కారు పక్కనుంచి తలెత్తి నడవలేను.

అతను మాత్రం షెడ్డుకొచ్చిన ప్రతివాడికీ నన్ను చూపించేవాడు. "గీ సారే, ఇంజన్‌కు నెయ్యేసి బువ్వ వెట్టింది!" తప్పు చేసినవాడికి పగబట్టే హక్కు లేదు. అయినా ఏడాది విన్నాక అతన్ని భోజనానికి పిలిచాను. ముద్దపప్పు, ఆవకాయ. నేతిగిన్నె నా చేతిలో.

"బస్ సార్" అన్నాడు. పోశాను. రెండు చేతులూ అడ్డం పెట్టాడు. వేళ్ళ సందుల్లోంచి పోశాను.

"సార్, పైగీత దాటింది సార్!"

గిన్నె తలకిందులుగా పట్టుకుని, చివరి చుక్క పడేదాకా నిలబడ్డాను.